సైరన్ తర్వాత ఆమెన్

మేడ్చల్ దాటాక బస్సు దిగి
షేర్ ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వచ్చారు,
తమ్ముడు దయాసాగరం, మరదలు హేమలీల,
పిల్లలిద్దరు, ఒక ఎండురొయ్యల మూట.
"హైదరాబాదన్నావు గదక్కా" అన్నాడు తమ్ముడు
బండలకేసి చూస్తూ.
హైదరాబాదే.
కరెంటు బిల్లు మీద అలాగే ఉంటుంది.

పదకొండేళ్ళ క్రితం సంఘం నన్ను పంపిన కాగితంలో
ఉత్తరపు అడివి అని రాశారు.
అడివంటే సీతాఫలం తుప్పలు, తుమ్మలు,
ఎవరో ఆడి వదిలేసిన గచ్చకాయల్లా గుండ్లు,
అన్నిటి మీదా కంకర మిల్లు దుమ్ము.
ఏటేటా ఇక్కడ గుండ్లు తగ్గుతాయి,
అక్కడ అంతస్తులు పెరుగుతాయి.
నా ప్రార్థన ఆ రెంటి మధ్యా రాళ్ళు మోసేవాళ్ళ కోసం.

మొదటి సాయంత్రమే తేడా వచ్చింది.
నలుగురూ తలంటు పోసుకున్నారు.
నీలం డ్రమ్ము అడుగు కనిపించింది.
శనివారం దాకా రావాల్సిన నీళ్ళవి.
నేనేమీ అనలేదు.
అనకపోవడం ఎంత గట్టిగా వినిపించిందో,
హేమలీల తడి జుట్టు ముడేసుకుని
బయట రాయి మీద కూర్చుంది.
ఇంటికొచ్చినవాళ్ళ కాళ్ళు కడగమని
ఆదివారం ఆదివారం చెప్పే నోరు నాది.

మర్నాడు అయిదింటికి సైరన్ మోగింది.
మేం కూటంలో ఉన్నాం, రేకుల కింద,
తుల్జమ్మ మొగుడి నలిగిన వేలి కోసం వేడుకుంటూ.
నేను ఆగాను. అందరం ఆగాం.
కళ్ళు తెరవకుండానే లెక్క.
నలభై దగ్గర కొండ పేలింది.
రేకుల మీద సన్నరాళ్ళు గలగలమన్నాయి.
ఆమెన్ అన్నాం.
చూస్తే మావాళ్ళు నలుగురూ బల్ల కింద.
తుల్జమ్మ పడి పడి నవ్వింది:
"గిది దినాం ఉండేదే బిడ్డా,
దేవునికి గూడ యాదికున్నది గీ టైము."

ఆ రాత్రి తమ్ముడు అడిగాడు.
అడగడానికే వస్తున్నాడని
రైలెక్కామని ఫోన్ చేసినప్పుడే తెలుసు.
"ఇంకెన్నాళ్ళక్కా? రేపల్లెలో గది ఖాళీగానే ఉంది.
ఇన్నేళ్ళకి ఎంతమంది మారారేంటి?"
లెక్క చెప్పాను.
ఏడుగురు. ఇద్దరు వెనక్కి పోయారు.
ఒకడు సారా మానేసి, మొదలెట్టి, మళ్ళీ మానేశాడు,
అతన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టాలో తెలీదు.
తమ్ముడు నవ్వలేదు.
బయట లారీలు గేరు మారుస్తున్నాయి.

మూడోనాడు చార్మినారు చూపిస్తానన్నాను.
పిల్లలు పొద్దున్నే బూట్లు వేసుకున్నారు.
గేటు దాకా వచ్చామో లేదో
తుల్జమ్మ కోడలికి నొప్పులు.
అంబులెన్సు ఈ దారిని నమ్మదు,
మిల్లు దాకా వచ్చి ఫోన్ చేసి తిరిగిపోతుంది.
చార్మినారు ఆటోలోనే ఆ పిల్లని ఎక్కించాం.
హేమలీల ఏమనుకుందో, పట్టుచీరతోనే నా పక్కన ఎక్కింది.
ఆస్పత్రి వరండాలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని
తను ప్రార్థన చెయ్యలేదు.
తన రెండు కాన్పుల కథ చెప్పింది, తిట్లతో సహా.
నొప్పికీ నొప్పికీ మధ్య ఆ పిల్ల నవ్వింది.
నాకు రాని వాక్యం అది.

పిల్లలు నాతో మాట్లాడలేదు, వెళ్ళేదాకా.

వెళ్ళేరోజు తెల్లవారుజామున మూడింటికి
ట్యాంకర్ హారన్‌కి లేచాను.
తమ్ముడు అప్పటికే లైన్లో ఉన్నాడు,
లుంగీ ఎగ్గట్టి, నా టోకెన్ పళ్ళ మధ్య పట్టి,
పైపు కోసం ఒక ఒడియా కుర్రాడితో పోట్లాడుతూ,
ఒకరి భాష ఒకరికి రాక ఇద్దరూ గెలుస్తూ.
డ్రమ్ము నిండింది. మూత పెట్టి
దాని మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు.
"గది ఊడ్పించి ఉంచుతాలే."
"ఉంచు" అన్నాను.
నిజమో అబద్ధమో నాకే తెలీదు.

ఆటో పోయాక ఇంటినిండా ఎండురొయ్యల వాసన.
తుల్జమ్మ గుమ్మంలో ముక్కెగరేసింది:
"ఏందమ్మా గది, సముద్రమా?"
గుప్పెడు పొట్లం కట్టిచ్చాను.

సాయంత్రం సైరన్ మోగింది.
కళ్ళు మూసుకోవడం మర్చిపోయి బల్ల కిందికి చూశాను.
చిన్నదాని రబ్బరు బ్యాండు.
ముప్పై ఎనిమిది,
ముప్పై తొమ్మిది.